మేజోటి అంచు

ఉన్ని మెడపట్టీ అల్లుట నేర్చినవారెవరైనను రెండు చిక్కులను ఎరుగుదురు. ఒకటి అంచు, రెండవది పెంపు. పట్టీ నడుమ ఎంత నున్నగా వచ్చినను, వరుసల కొనలయందు ఉచ్చులు వదులై ప్రక్కలు వంకరపోవును. ఇందుకు నేను చేయు ఉపాయము పాతదే: ప్రతి వరుసలోను మొదటి ఉచ్చును అల్లక, ఒక సూదినుండి రెండవ సూదిమీదికి ఊరక జార్చుదును. అప్పుడు ప్రక్కన గొలుసువంటి అంచు తీరును. వెడల్పు పెంచవలెనన్న, రెండు ఉచ్చుల నడుమనున్న దారమును పైకెత్తి, మెలిపెట్టి అల్లవలెను. మెలిపెట్టకున్న అచ్చట రంధ్రము నిలుచును. లేసుపనికి ఆ రంధ్రమే సొగసు. చలికి చుట్టుకొను పట్టీకి అదియే లోపము.

ఇవి తీరికవేళల ముచ్చటలని మీరనుకొనవచ్చును. కాని శ్రోతలారా, ఇట్టి అంచును గూర్చియే ఇంగ్లండులో ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు అట్టుడికినవి. పార్లమెంటులో బిల్లు పెట్టవలసి వచ్చినది. ఆ కథయే నేడు చెప్పదలచితిని.

మన నేతలో పడుగు వేరు, పేక వేరు. పేక మరలివచ్చుచోట అంచు తనంతట తానే ఏర్పడును. అల్లికలో నున్నది ఒక్క దారమే. ఉచ్చులో ఉచ్చు దూర్చుటయే దాని పని. కావున కత్తెర పెట్టినచోట ఉచ్చులు విడిపోవును. ప్రాచీనులు ఈ బాధను చక్కగా తప్పించుకొనిరి. ఈజిప్టు దేశమున దొరకిన కొన్ని పురాతనపు నూలు మేజోళ్ళను, వ్రేళ్ళ కొనయొద్ద కొద్ది ఉచ్చులతో మొదలుపెట్టి, పెంచుకొనుచు, వలయముగా అల్లిరి. వలయమునకు అంచే లేదు.

అంచును తెచ్చినది యంత్రము. 1589లో నాటింగుహాముషైరులోని కాల్వర్టను గ్రామవాసి విలియం లీ మేజోళ్ళ మగ్గమును కనిపెట్టెను. తాను వలచిన యువతి ఎప్పుడును అల్లికలోనే మునిగియుండి తన్ను లెక్కచేయకుండుటచే ఆతడీ పనికి పూనెనని ఒక కథ కలదు. కథ ముచ్చటైనదే గాని నేను దానిని నమ్మను. ఆ మగ్గములో ఒక్కొక్క ఉచ్చునకు ఒక్కొక్క కొక్కెపు సూది యుండును. వరుస యంతయు ఒక్కమారుగా అల్లబడును. అయితే వచ్చునది వలయము కాదు, పలకవంటి వస్త్రము. దానిని మడిచి, రెండు అంచులను చేర్చి కుట్టిననే మేజోడగును. పిక్కయొద్ద వెడల్పు, చీలమండయొద్ద సన్నము కావలెను గదా! అందుకై పనివాడు మగ్గము నాపి, కొనలయందలి ఉచ్చులను చేతితో ప్రక్క సూదులమీదికి మార్చి, పెంచుచు తగ్గించుచు పోవలెను. అంచు చెడక ఆకారము తీరుటలోనే పనివాని నేర్పంతయు నుండెను. ఈ నేర్పునకు ఏండ్లకొలది శిష్యరికము కావలసియుండెను.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కొందరు వ్యాపారులు దగ్గరిదారి త్రొక్కిరి. వెడల్పు మగ్గములమీద ఆకారములేని వస్త్రమును అల్లించి, మేజోటి రూపున కత్తిరించి కుట్టించిరి. అంచు లేదు, పెంపు లేదు. అంగడిలో చూచుటకు రెండును ఒక్కటే. తొడిగి ఉతికిన కొలదినాళ్ళకే కుట్లు వీడి ఉచ్చులు జారును. కొనినవాడు మేజోళ్ళ నేతపనినే నిందించెను. నెపోలియనుతోడి యుద్ధముచే విదేశపు బేరములు పడిపోయిన దినములవి, ధాన్యము ప్రియమైయుండెను. కూలి తరిగిన కుటుంబములకు ఈ కత్తిరింపు మేజోళ్ళు మరియొక గొడ్డలిపెట్టైనవి.

1811 మార్చి నెలలో ఆర్నాల్డు గ్రామమున మగ్గములను విరుగగొట్టిరి. లుడ్డైటులని పేరొందినవారు వీరే. యంత్రమును ద్వేషించు మూఢులని వీరిని నేటికిని పలువురు తలతురు. ఈ మాట నాకు సమ్మతము కాదు. వీరి తాతలు ముత్తాతలు ఆ యంత్రముతోనే బ్రతికిరి. పైగా వీరు పలుచోట్ల కత్తిరింపు సరకు అల్లు మగ్గములను, కూలి తగ్గించినవారి మగ్గములను ఏరి విరిచి, న్యాయముగా కూలి యిచ్చువారి మగ్గములను ముట్టక విడిచిరి.

ప్రభుత్వము 1812లో మగ్గము విరిచినవానికి మరణశిక్ష విధించు చట్టమును తెచ్చెను. కవి బైరను ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో తన మొదటి ఉపన్యాసమును దానికి ప్రతికూలముగా చేసెను, లాభము లేకపోయెను. ఆ యేడే గ్రేవెనరు హెన్‌సను మొదలగు పనివారు శాంతమార్గము నవలంబించి, ఇట్టి మోసపు సరకును నిషేధింపుడని పార్లమెంటును వేడిరి. సామాన్యుల సభలో వారి బిల్లు నెగ్గినది. ప్రభువులు దానిని త్రోసివేసిరి. ప్రాణముతీయు చట్టమునకు దొరకిన మన్నన అంచును కాపాడు బిల్లునకు దొరకలేదు.

పెంపు తగ్గింపులను తనంతట తానే చేయు యంత్రమునకు లాఫ్‌బరో పట్టణవాసి విలియం కాటను 1864లో పేటెంటు పొందెను. అట్లు అల్లిన స్వెట్టరు చంకయొద్ద, ఉచ్చులు మారినచోట, చిన్నచిన్న గుర్తులు వరుసగా కనబడును. జనులు వాటిని మేలి సరకునకు ఆనవాలుగా ఎంచిరి. అంతట కొందరు కత్తిరించి కుట్టిన సరకుమీద సైతము అట్టి గుర్తులను దొంగకుట్టుగా వేయసాగిరి. నిజమైనదానిలో ఉచ్చుల నిలువుచాళ్ళు గుర్తునొద్ద ఒకదానిలో నొకటి కలిసిపోవును; దొంగదానిలో గుర్తు క్రిందుగా చాళ్ళు మార్పులేక సాగి, కుట్టునొద్ద తెగియుండును.