ఏకాంతము - ఒంటరితనము

ఏకాంతము, ఒంటరితనము అను రెండు మాటలను మనము తరచు ఒకే అర్థమున వాడుచుందుము. కాని మనస్సుపై వాని ప్రభావము వేరు వేరు. మొదటిది మనిషి కోరి తెచ్చుకొనునది. రెండవది వానిపై వచ్చి పడునది. ఈ భేదమునకు మన గుంటూరు సీమ చరిత్రలోనే మంచి సాక్ష్యములు కలవు. వానిలో కొన్నింటిని మేము ఇచట మనవి చేయుదుము.

క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకులు పల్నాటి సరిహద్దున, కృష్ణాతీరమునందలి విజయపురినుండి రాజ్యమేలిరి. నేడు మనము నాగార్జునకొండ అని పిలుచు ఆ లోయలో బౌద్ధవిహారములు అనేకము వెలసినవి. త్రవ్వకములలో బయల్పడిన విహారముల నిర్మాణము గమనింపదగినది. నడుమ స్తంభముల మండపము, దాని చుట్టును భిక్షువుల చిన్న చిన్న గదులు. గదిలో భిక్షువు ఒక్కడే; గడప దాటినచో సంఘమంతయు ఎదుట నుండును. పక్షమునకొకమారు అందరును కూడి నియమములను వల్లించుకొనవలెను. వర్షాకాలపు నివాసము ముగియునాడు, తనలో దోషము కనబడినచో చెప్పుడని ప్రతివాడును తోడివారిని వేడుకొనవలెను. ధ్యానమునకు ఏకాంతము కావలెను. అది వికటింపకుండుటకు తోడివాని కన్నును కావలెను. బౌద్ధసంఘము ఈ రెంటిని ఎరిగి నడచుకొన్నది.

ఆ గదికే బయట గడియ వేసినచో ఏమగును? 1829లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక చెరసాల తెరచిరి. ఖైదీని ఒంటరిగా నుంచినచో తన తప్పును తలచుకొని మారునని దానిని కట్టినవారి నమ్మకము. 1842లో దానిని చూచిన ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్సు, మనస్సును మెల్లమెల్లగా పిండు ఆ శిక్ష దేహహింసకన్న ఘోరమని ఖండించెను. ఇట్టి శిక్షవలన పలువురు జడులైరనియు, కొందరు పిచ్చివారైరనియు, ప్రాణములు తీసికొన్నవారును కలరనియు 1890లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము పేర్కొన్నది. మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతి ఏకాంతవాస శిక్షను ఒక్కమారున 14 దినములకు, మొత్తముమీద 3 మాసములకు మించనీయలేదు. 2024లో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఆ పరిమితి నిలిచియున్నది.

చెరసాలను జయించిన మనస్సులును లేకపోలేదు. 1921-22 నాటి పల్నాటి పుల్లరి సత్యాగ్రహములో పాల్గొన్న ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు కారాగారము పాలైరి. రాయవేలూరు చెరలోనే వారు 'మాలపల్లి' నవలను రచించిరి. ఎదుట గోడలే ఉన్నను, ఆయన మనస్సులో మంగళాపురము అను ఊరు మేలుకొన్నది. రామదాసు, సంగదాసు, ఆ పల్లె జనమంతయు వచ్చి ఆయన చుట్టును కూర్చుండిరి. చేయుటకు పనియు, తలచుటకు జనమును కలవాని ఏకాంతము అట్టిది.

అయితే గడియ లేని చెరలును కలవు. బాల్యముననే భర్తను కోల్పోయిన ఆడుబిడ్డ ఆ దినములలో నిండు ఇంటిలోనే ఒంటరిది. శుభకార్యమున ఆమె ఎదురు రాగూడదు, పదుగురిలో నవ్వగూడదు. ఖైదీకి విడుదల దినమైన ఉండును. ఆమెకు అదియు లేదు. ఈ వేదనను ఉన్నవవారును, వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును బాగుగా గుర్తించిరి. వితంతువుల పునర్వివాహములకు పాటుపడిరి. 1922లో గుంటూరున శారదానికేతనమును నెలకొల్పి, స్త్రీలకు చదువును, వృత్తివిద్యలను నేర్పించిరి. జాలిమాటలతో తీరని ఒంటరితనమునకు పనియు, తోడును మందులని వారి నమ్మకము.

నేడు ఈ ప్రత్తి, మిరప పొలముల నడుమనున్న గ్రామములలో మరియొక ఒంటరితనము కానవచ్చుచున్నది. బిడ్డలు హైదరాబాదునకో, అమెరికాకో తరలిపోయిరి. మిరపకోతల దినములలో కూలిజనముతో కళకళలాడిన లోగిలి, కోతలు ముగియగనే మూగపోవును. నెలకు డబ్బు వచ్చును. ఆదివారమునాడు ఫోను మ్రోగును. తక్కిన ఆరు దినములును వృద్ధులు గోడల వంక చూచుచు గడుపుదురు. దీర్ఘకాలపు ఒంటరితనము నిద్రను, గుండెను, జ్ఞాపకశక్తిని దెబ్బతీయునని వైద్యులు చెప్పుచున్నారు. దీనిని ఆరోగ్యసమస్యగా ఎంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రత్యేక సంఘమును నియమించినది.

ఇట్టి ఇండ్లలో రేడియో రోజంతయు పలుకుచుండుట మాకు తెలియును. అది మాకు సంతోషమే. కాని మా గొంతు ఆ గదిలోనికి చేరగలదేగాని, అచటి పెద్దలు చెప్పు మాటను వినజాలదు. ఆ పని ప్రక్కయింటివారిది. ఈ సాయంకాలము మీ వీధిలో రేడియో మ్రోగుచున్న ఒంటి ఇల్లు ఏదైన ఉన్నచో, ఒక్క గడియ వెళ్లి వారి అరుగుమీద కూర్చుండుడు.