నిషేధమును చికిత్సయు

అంగడి మూసినంతనే అలవాటు పోవునని మనము నమ్ముదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1995లో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను.

2015లో, నాడు అమ్రాబాదు చేరియున్న మహబూబ్‌నగర్ జిల్లాలో, కల్తీకల్లుపై దాడులు జరిగెను. అందు కలిపెడి డైజీపాము, ఆల్ప్రజోలము మందులకు అలవడినవారు, అది హఠాత్తుగా దొరకకపోవుటచే, వణకు, మూర్ఛ, భ్రాంతులతో ఆసుపత్రుల పాలైరి.

వారిది దుర్బుద్ధి గాదు, వ్యాధి. వైద్యుని పర్యవేక్షణలో మత్తుమందును క్రమముగా తగ్గింపవలెను. పిమ్మట హితబోధయు, ఇంటివారి ఆదరమును, చేతికొక పనియు కావలెను. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలో మానసిక చికిత్సాలయము కలదు. కాని నల్లమల గూడెములకు అది కడు దూరము. కల్లును ఆపింప బోవు ప్రభుత్వము ముందుగా వైద్యుని ఆ గూడెములకు పంపవలదా?