పిచ్చి అని రాసిందెవరు?

1871లో రెండు పనులు జరిగాయి. బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. అదే ఏడాది మద్రాసు కీల్పాక్‌లో పెద్ద పిచ్చాసుపత్రి తెరిచింది. మొదటిదాని గురించి మనవాళ్ళు చాలానే రాశారు. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు పాలన కిందే ఉండింది కాబట్టి ఆ ఆసుపత్రి చరిత్ర కూడా మన చరిత్రే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలని నాకు తోచింది ఒకే ఒక్క మాట వల్ల. ఆ మాట 'తిరగడం'. పిచ్చాసుపత్రుల కోసం 1858లో చేసిన చట్టంలో పోలీసుకు ఒక పని అప్పజెప్పారు. తన ఇలాకాలో ఊరికే తిరుగుతూ కనిపించినవాడికి మతి చెడిందని తోస్తే, వాణ్ణి పట్టి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1912లో వచ్చిన లూనసీ చట్టం కూడా ఆ అధికారాన్ని అట్లాగే ఉంచింది. దానికి ఒక ఏడాది ముందు, 1911లో, క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. దాని కంటికి కూడా తిరిగేవాడే నేరస్థుడు. ఇల్లూ పొలమూ లేకుండా తిరిగేవాడు దొరతనానికి రెండు రకాలుగానే అర్థమయ్యాడు. అయితే దొంగ, కాకపోతే పిచ్చివాడు.

మరి మన యానాదులు ఎట్లా బతికారు? పులికాటులో చేపలు, కోతలైన చేలల్లో ఎలుకల బొరియలు, శ్రీహరికోట అడవిలో దుంపలూ తేనే మూలికలూ. పని ఉన్నచోట గుడిసె, పని అయిపోతే ఇంకో చోటు. అది మన బతుకుతెరువు. బయటివాడి చిట్టాలో మాత్రం అది 'స్థిరం లేనితనం'. కావలి వైపు సెటిల్‌మెంట్లు పెట్టి, కంచెలోపల జనాన్ని ఉంచి, పూటపూటా హాజరు తీసుకున్న కాలంలో దీన్నంతా 'బాగుచేయడం' అన్నారు. ఆసుపత్రి కూడా ఆ మాటే వాడుతుంది. వెన్నెలకంటి రాఘవయ్యలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడగా, 1952లో ఆ చట్టం పోయింది. చట్టంతో పాటు చూపు పోలేదు.

ఇది మన దేశంలోనే జరిగింది కాదు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు ఒక కొత్త జబ్బు కనిపెట్టాడు. యజమాని దగ్గర్నుంచి పారిపోవాలనుకునే నల్లజాతి బానిసలకు అది వస్తుందట. దానికి 'డ్రాపెటోమేనియా' అని పేరు కూడా పెట్టాడు. దెబ్బలు కూడా అతను చెప్పిన మందుల్లో ఒకటి. చదివి నవ్వొచ్చింది. కాసేపటికి మా తాత గుర్తొచ్చాడు. ఆసామి దగ్గర తీసుకున్న బాకీకి జీతానికుండి, రెండుసార్లు పారిపోయి, రెండుసార్లూ పట్టుబడ్డాడు. 'వాడికి తిక్క' అని ఆసామి ఊరంతా చెప్పాడు. మా ఇంట్లో కూడా ఆ పేరే మిగిలింది, తిక్కతాత అని. వెట్టి రద్దు చట్టం వచ్చింది 1976లో. అప్పటికి తాత లేడు.

అస్సాం నుంచి ఒక కథ చెబుతాను. టీచర్లు దీన్ని తరగతిలో చెప్పాలని నా కోరిక. మచాంగ్ లాలుంగ్ తివా తెగ గిరిజనుడు. 1951లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఎవరినో గాయపరిచాడని పోలీసులు పట్టుకెళ్ళారు. విచారణ జరగలేదు. తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో ఆ ఆసుపత్రివాళ్ళే 'ఇతను బాగున్నాడు, పంపవచ్చు' అని రాశారు. ఇంటికి పంపడానికి బదులు గౌహతి జైలుకు పంపారు. ఆ తర్వాత ఎవరికీ గుర్తు లేడు. 2005 జులైలో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద బయటికొచ్చేసరికి ఆయనకు డెబ్బై ఏడేళ్ళు. యాభై నాలుగేళ్ళు పోయాయి. సుప్రీంకోర్టు 3 లక్షల రూపాయలు, నెలకు 1000 చొప్పున ఇవ్వమంది. ఈ కథలో డాక్టరు చెడ్డవాడు కాదు, బాగున్నాడనే రాశాడు. కానీ ఆ కాగితం పట్టుకుని అడిగే మనిషి బయట లేడు. లోపలున్న మనిషి చెప్పింది వినే చెవీ లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా పెదనాయన కూతురు, నాకు అక్క. తొలిచూలు బిడ్డ పోయిన తర్వాత మాట మానేసింది. అన్నం మానేసింది. రాత్రిళ్ళు కాలవ గట్టు మీద నడిచేది. మనవాళ్ళు గాలి సోకిందన్నారు, సోది అడిగారు, ఒక చోటికి తీసుకెళ్ళి తొమ్మిది రాత్రులు స్తంభానికి కట్టి ఉంచారు. ఇందులో మన తప్పు మనం ఒప్పుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరున్న షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదల్లేక కాలిపోయారు. 28 మంది. కట్టిన చేతులు అయినవాళ్ళవైనా గొలుసు గొలుసే.

తర్వాత పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ వెంట ఉన్నాను. అయిదు నిమిషాల్లో చీటీ చేతికొచ్చింది. పదేళ్ళ తర్వాత, నేను టీచరునై ఈ విషయాలు చదవడం మొదలుపెట్టాక, ఒకరోజు అక్క పక్కన కూర్చుని అప్పుడేమైందని అడిగాను. చాలాసేపు నా మొహమే చూసింది.

"డాక్టరు మీ బావని అడిగినాడు, మా అత్తని అడిగినాడు, నిన్నూ అడిగినాడు. నన్నెవురూ అడగలా" అంది. "మాట్లాడితే బిడ్డని మరిచిపొమ్మంటారని మాట్లాడలా. అంతే."

మాత్రల గురించి కూడా చెప్పింది. మూడు నెలల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయింది వాటివల్లే. అది మంచిదే అంది. కానీ పగలు కూడా మత్తే. నాలుక మందమైంది, చేతులు వణికాయి. రొయ్యల గుంట కాడ మేత తట్ట జారిపోతే తాగొచ్చిందని మేస్త్రీ తిట్టాడు. పని పోయింది. దాంతో మాత్రలు మానేసింది. కొన్ని మానసిక మందులకు వణుకు వస్తుందని, డోసు తగ్గిస్తేనో మందు మారిస్తేనో తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మానేసిందనే చీటీలో ఎక్కింది, ఎందుకు మానేసిందో ఎక్కలేదు. ఆ ఆసుపత్రిలో తనకు నిజంగా మేలు చేసింది పక్క మంచం ముసలామె అంటుంది అక్క. రోజూ తల దువ్వి జడ వేసేదట. ఏమీ అడిగేది కాదట.

మందులు వద్దని నేను చెప్పడం లేదు. కొందరిని అవే బతికించాయి. వైద్యం పొందినవాళ్ళ మాట కూడా వైద్యంలో భాగం కావాలని చెబుతున్నాను. ఈ మాట లోకంలో కొత్తది కాదు. 1908లోనే క్లిఫర్డ్ బీర్స్ అనే అమెరికన్ తాను పిచ్చాసుపత్రుల్లో పడ్డ బాధల్ని పుస్తకంగా రాశాడు. ఇటలీలో 1978లో, డాక్టరు ఫ్రాంకో బజాలియా పోరాటం వల్ల, పిచ్చాసుపత్రుల్ని మూసే చట్టం వచ్చింది. మన దేశంలో భార్గవి దావర్ అనే ఆమె, ఆసుపత్రుల పాలైన తల్లి పేరు మీద 1999లో పుణెలో బాపు ట్రస్టు పెట్టి, బస్తీ జనం మధ్య పనిచేసింది. వీళ్ళలో ఒక్కరూ యానాది కాలనీ నుంచి రాలేదు. ఆ చోటు ఖాళీగా ఉంది.

శ్రీహరికోట సంగతే చూడండి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తరతరాలుగా అడవిని నమ్ముకున్న కుటుంబాలు కదలాల్సి వచ్చింది. కదిలినవాళ్ళ మనసుకేమైందని ఎవరైనా రాశారా? అడవి పోయిన ముసలాయన ముద్ద మింగక గోడవైపు తిరిగి పడుకుంటే, దాన్ని ఈరోజు డిప్రెషన్ అని చీటీ రాస్తారు. ఆ పేరు తప్పు కాకపోవచ్చు. కానీ ఆ పేరులో అడవి లేదు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. అందులోనూ 'తిరగడం' ఉంది, నూరో సెక్షన్‌లో. కానీ ఇప్పుడు పోలీసు ఆ మనిషికి రక్షణ ఇవ్వాలి, 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లోనో జైల్లోనో పెట్టకూడదు. గొలుసులతో కట్టడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టడం నిషేధం. రోగి తన వైద్య రికార్డు అడిగి తీసుకోవచ్చు. మరో పెద్ద సంగతి, ముందస్తు ఆదేశం. జబ్బు తిరగబెడితే తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో పద్దెనిమిదేళ్ళు నిండిన ఎవరైనా ముందే రాసి పెట్టుకోవచ్చు. అత్యవసర చికిత్సకు ఇది వర్తించదు. మిగతా వేళల్లో డాక్టరు దాన్ని పాటించాలి, కాదనుకుంటే బోర్డుకు వెళ్ళాలి.

పోయిన వేసవి సెలవుల్లో అక్కా నేనూ కూర్చున్నాం. ఆమె చెప్పింది, నేను బడి నోటుబుక్కులో రాశాను. సరైన ఫారం మీదికి ఎక్కించి, సాక్షుల సంతకాలు పెట్టించి, బోర్డుకు పంపాల్సి ఉంది ఇంకా. కట్టొద్దు. పగటిపూట మత్తు మందు వద్దు. చేతులు వణికితే చెబుతా, వినండి. నా తరఫున నా చిన్న కూతురు మాట్లాడతాది, మీ బావ కాదు. ఇవి రాశాక అయిపోయిందా అక్కా అన్నాను. ఆగమంది. చచ్చిపోయిన బిడ్డ పేరు కూడా రాయమంది.