అల్యూమినియం ఫాయిల్: ఇంటి ఉపయోగాలు

అల్యూమినియం ఫాయిల్ అంటే 0.2 మిల్లీమీటర్ల కంటే పలుచగా సాగగొట్టిన అల్యూమినియం రేకు. వంటింటి చుట్టల్లో వచ్చేది ఇంకా పలుచన, ఇంచుమించు 10 నుంచి 20 మైక్రాన్లు. ఇళ్లలో దీనికి సిల్వర్ పేపర్ అనే పేరే ఎక్కువ. చపాతీలు చుట్టడానికీ, ప్రయాణానికి పులిహోర పొట్లం కట్టడానికీ కొనే ఈ రేకుతో వెండి సామాను తెల్లబరచవచ్చు, గ్రహణం చూడవచ్చు, చీడపురుగును తికమక పెట్టవచ్చు. ఇన్ని పనులకూ మూలం దాని గుణాలు కొన్నే. అది వేడినీ వెలుతురునూ వెనక్కి కొడుతుంది. గాలినీ తేమనూ అడ్డుకుంటుంది. మడిచిన చోట మడతగా నిలుస్తుంది. విద్యుత్తును తనగుండా పోనిస్తుంది. రసాయనికంగా చాలా చురుకైన లోహం కూడా. ఫోన్లలో తిరిగే ఫాయిల్ చిట్కా ఏదైనా సరే, వీటిలో ఒక గుణం మీద నిలబడితే పనిచేస్తుంది. అలాంటి ఆధారం లేనిదాన్ని నమ్మనక్కర్లేదు.

పుట్టుక, తయారీ

అల్యూమినియం ఫాయిల్ రాకముందు చాక్లెట్లకూ పొగాకుకూ తగరపు రేకు చుట్టేవారు. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూ ఎవరికి వారుగా విద్యుద్విశ్లేషణ పద్ధతిని కనిపెట్టడంతో అల్యూమినియం చవకైంది. స్విట్జర్లాండ్‌లోని క్రాయిట్స్‌లింగెన్‌లో 1910లో ఈ లోహపు రేకు తీసే మిల్లు మొదలైంది. మరుసటి ఏడే ఆ దేశపు టోబ్లర్ సంస్థ తన చాక్లెట్లకు దాన్ని చుట్టింది. అమెరికాలో రేనాల్డ్స్ సంస్థ 1947లో గృహిణుల కోసం చుట్టలుగా అమ్మకానికి పెట్టాక ఫాయిల్ వంటింటి వస్తువైంది.

దీనికి ముడిసరుకు బాక్సైట్. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండల్లో జాతీయ సంస్థ నాల్కో తవ్వే బాక్సైట్ దామన్‌జోడిలో అల్యూమినాగా మారుతుంది. ఎగుమతి అయ్యేది విశాఖపట్నం రేవు నుంచి ఓడలెక్కుతుంది. అరకు, చింతపల్లి కొండల్లోనూ బాక్సైట్ ఉంది కానీ, అక్కడి తవ్వకపు ప్రతిపాదనలు గిరిజనుల వ్యతిరేకతతో ఆగిపోయాయి.

ఫాయిల్‌కు ఒక వైపు మెరుపు, ఇంకో వైపు మసక ఎందుకని చాలామందికి సందేహం. రేకు మరీ పలుచనైనప్పుడు తెగిపోకుండా, చివరి విడతలో రెండు రేకులను జోడించి రోలర్ల మధ్య నడుపుతారు. నున్నటి రోలరుకు తగిలిన ముఖం మెరుస్తుంది, రెండో రేకుకు ఆనుకున్న ముఖం మసకగా మిగులుతుంది. ఆహారానికి ఏ వైపు తగిలినా తేడా లేదు. అంటుకోకుండా పూత పూసిన ప్రత్యేక రకాలకు మాత్రం పెట్టె మీద రాసిన వైపే వాడాలి.

వెండి సామాను

ఫాయిల్ చేసే పనులన్నిటిలో తెలివైనది నల్లబడిన వెండిని తెల్లబరచడమే. వెండి కుందులు, పంచపాత్ర, పట్టీలు నల్లబడేది తుప్పు వల్ల కాదు. గాలిలోనూ చెమటలోనూ ఉండే గంధక పదార్థాలతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర ఏర్పడుతుంది. విభూతితోనో పళ్లపొడితోనో తోమినప్పుడు ఆ పొర పోతుంది నిజమే, దానితో పాటు అందులో బంధించి ఉన్న వెండి కూడా పోతుంది. ఏటేటా తోమే కుందుల మీద నగిషీ అరిగిపోవడం అందుకే.

ఫాయిల్ పద్ధతిలో రుద్దడమే ఉండదు. ప్లాస్టిక్ టబ్బులోనో గాజు గిన్నెలోనో అడుగున ఫాయిల్ పరిచి, వెండి వస్తువులు దానికి తగిలేలా పేర్చాలి. లీటరు వేడినీటికి రెండు టేబుల్ స్పూన్ల వంటసోడా, ఒక చెంచా ఉప్పు కలిపి మునిగేదాకా పోయాలి. అల్యూమినియానికి వెండి కంటే చురుకు ఎక్కువ. సోడా నీరు అల్యూమినియం మీద సహజంగా ఉండే ఆక్సైడ్ పొరను కరిగించాక, అల్యూమినియం నుంచి ఎలక్ట్రాన్లు వెండి వైపు కదులుతాయి. సల్ఫైడ్ విడిపోతుంది, వెండి తిరిగి వెండిగా వస్తువు మీదే నిలుస్తుంది. నిజానికి టబ్బులో తయారైంది ఒక చిన్న బ్యాటరీ. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వస్తే రసాయన చర్య జరుగుతోందని అర్థం. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కాబట్టి కిటికీ తెరిచి ఉంచాలి. లేత మరక నిమిషాల్లో పోతుంది. ముదిరినదానికి నీళ్లూ ఫాయిలూ మార్చి మళ్లీ వేయాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

అన్ని వస్తువులకూ ఇది పనికిరాదు. నగిషీ లోతుల్లో కావాలని నలుపు నిలిపిన ఆక్సిడైజ్డ్ నగలకు ఆ అందమంతా పోతుంది. ముత్యాలు, రాళ్లు పొదిగినవి, లక్క నింపినవి, బంగారు పూత ఉన్నవి ఇందులో వేయకూడదు. ఇత్తడికీ రాగికీ చింతపండే సరైన మందు, వాటి జోలికి ఫాయిల్ అక్కర్లేదు.

వేడి

అల్యూమినియం పరారుణ కిరణాల్లో 95 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. అదే సమయంలో అది వేడిని అతి సులువుగా తన గుండా పోనిచ్చే లోహం కూడా. ఈ రెండో మాట మరిచిపోవడం వల్లే చాలా చిట్కాలు బెడిసికొడతాయి. ఫాయిల్ వేడిని ఆపాలంటే దాని ఒక ముఖం ఎదుట గాలి ఖాళీ ఉండి తీరాలి. రేకుల షెడ్డు కింద కాస్త ఖాళీ వదిలి ఫాయిల్ పొర కడితే గదిలోకి దిగే వేడి తగ్గుతుంది. అదే ఫాయిల్‌ను రెండు అట్టల మధ్య ఖాళీ లేకుండా ఇరికిస్తే దాని ప్రభావం దాదాపు సున్నా. దుమ్ము పట్టినా మెరుపుతో పాటు పనితనమూ తగ్గుతుంది.

ఎండాకాలంలో పడమటి కిటికీకి ఫాయిల్ అంటించేటప్పుడు బయటి వైపు అడ్డుపెట్టడం మేలు. ఎండ గాజు దాకా రాకముందే తిరిగిపోతుంది. లోపలి నుంచి గాజుకు అతికిస్తే కొంత వేడి గాజుకూ ఫాయిల్‌కూ మధ్య చిక్కుకుని, గాజు అసమానంగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

ఇస్త్రీ బల్ల గుడ్డ కింద ఫాయిల్ పరిస్తే వేడి పైకి తిరిగి వచ్చి బట్టకు రెండు వైపులా తగులుతుంది. అట్టపెట్టె లోపల, దాని మూత రెక్కల మీద ఫాయిల్ అంటించి, నల్ల రంగు గిన్నె పెట్టి గాజుపలక కప్పితే సౌర కుక్కర్ అవుతుంది. మన ఎండలకు అన్నం, పప్పు అందులో నెమ్మదిగా ఉడుకుతాయి. అత్యవసర వేళల్లో కప్పుకునే మెరుపు దుప్పట్లను చాలామంది ఫాయిలే అనుకుంటారు. నాసా 1964లో తయారుచేయించిన ఆ రకం దుప్పటి నిజానికి పలుచటి ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం ఆవిరి పూత.

ఆహారం చుట్టేటప్పుడు

పొట్లంలో అన్నం వేడిగా ఉండటానికి ముఖ్య కారణం ఆవిరి బయటికి పోకపోవడం. లోహపు రేకు స్వయంగా వేడిని పట్టి ఉంచదు కాబట్టి, పైన ఒక తువ్వాలు చుడితేనే ఫలితం. వేడి చపాతీలను నేరుగా ఫాయిల్‌లో చుడితే ఆ ఆవిరే నీరై తడిసిపోతాయి. ముందు పలుచటి గుడ్డలోనో బటర్ పేపర్‌లోనో చుట్టి పైన ఫాయిల్ వేయడం వంటవాళ్ల పద్ధతి.

పులుపు, ఉప్పు ఈ రేకుకు శత్రువులు. చింతపండు, నిమ్మ, టమాటా, మామిడి తగిలితే ఆక్సైడ్ పొర కరిగి అల్యూమినియం ఆహారంలోకి దిగుతుంది. స్టీలు గిన్నెలో పులిహోర పెట్టి పైన ఫాయిల్ కప్పి, అది అన్నానికీ గిన్నె అంచుకూ రెండింటికీ తగిలేలా వదిలేస్తే తెల్లారేసరికి రేకుకు చిల్లులు పడతాయి. అన్నం మీద బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయి. వెండిని తెల్లబరచిన విద్యుత్ చర్యే ఇక్కడ రేకును తింటుంది. ఆవకాయ జాడీకి వాసెన గుడ్డే కట్టాలి, ఫాయిల్ కాదు.

ఆరోగ్యానికి ఎంత హాని? ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో కిలో శరీర బరువుకు వారానికి 1 మిల్లీగ్రామును పరిమితిగా పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో 2 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంది. ఆ లెక్కన 60 కిలోల మనిషికి వారానికి 120 మిల్లీగ్రాములు. పొడి చపాతీ చుట్టినంత మాత్రాన ఆ హద్దు దరిదాపులకు పోము. పులుపు వంటకాన్ని ఫాయిల్‌లో ఉడికించడం రోజువారీ అలవాటైతే ఆలోచించాలి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మరీ ఎక్కువగా. అల్జీమర్స్ వ్యాధికి ఇదే కారణమన్న మాట దశాబ్దాలుగా తిరుగుతోంది కానీ రుజువు కాలేదు.

అంతగా మాట్లాడుకోని ప్రమాదం ఒకటి ఉంది. ఫాయిల్ చుట్టి కాల్చిన బంగాళాదుంపను అలాగే గది వేడిలో వదిలేస్తే, గాలి అందని ఆ తేమలో బొట్యులిజం అనే ఆహార విషరోగాన్ని కలిగించే సూక్ష్మజీవి పెరగగలదు. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో అలాంటి దుంపలతో చేసిన వంటకం తిని 30 మంది జబ్బుపడ్డారు. వండినదాన్ని వెంటనే తినాలి, లేదా ఫాయిల్ విప్పి ఫ్రిజ్‌లో పెట్టాలి.

మిఠాయిల మీది వెండి రేకు వేరే వస్తువు. దానిలో కొందరు అల్యూమినియం కల్తీ చేస్తారు. కాస్త రేకు తీసి కాల్చితే అసలు వెండి మెరిసే చిన్న గుండుగా మిగులుతుంది, అల్యూమినియం బూడిద రంగు మసి అవుతుంది.

తోట, మేడ

పేనుబంక, తెల్లదోమ, తామర పురుగు వంటివి ఆకాశపు వెలుతురును బట్టి దిక్కు తెలుసుకుని మొక్క మీద వాలతాయి. మొక్క మొదట్లో మెరిసే పొర ఉంటే వెలుతురు కింది నుంచి కూడా వచ్చి వాటికి దిక్కు తప్పుతుంది. తెలుగు రాష్ట్రాల మిరప, టమాటా, పుచ్చ తోటల్లో పరిచే వెండి రంగు మల్చింగ్ షీట్ వెనక ఉన్న కిటుకుల్లో ఇదొకటి. అది ప్లాస్టిక్. మేడమీది కుండీల్లో మిరప మొక్కకు ఫాయిల్ ముక్క పరిచి అదే పని చేయించుకోవచ్చు. మొక్క గుబురై రేకును కప్పేశాక ఫలితం తగ్గుతుంది. పిట్టలను బెదిరించడానికి వేలాడదీసే ఫాయిల్ తోరణాలు కొద్ది రోజులే పనిచేస్తాయి, పిట్టలు త్వరగా అలవాటుపడతాయి.

విద్యుత్తు, సంకేతాలు

రిమోట్‌కు డబుల్ ఏ సెల్లు కావాల్సిన చోట ట్రిపుల్ ఏ సెల్లే ఉంటే, రెండూ 1.5 వోల్టులే కాబట్టి పొడవులోని 6 మిల్లీమీటర్ల తేడాను ఫాయిల్ ఉండతో పూరించి తాత్కాలికంగా నడిపించవచ్చు. సెల్ తొందరగా అయిపోతుంది, అంతే. ఈ ధైర్యం ఫ్యూజు దగ్గర పనికిరాదు. కాలిపోయిన ఫ్యూజులో తీగ బదులు ఫాయిల్ మడిచి పెడితే, కరిగి ప్రవాహాన్ని ఆపాల్సిన భాగం కరగకుండా గోడలోని తీగలు కాలతాయి. మైక్రోవేవ్‌లో నలిగిన ఫాయిల్ అంచుల నుంచి నిప్పురవ్వలు లేస్తాయి. గ్యాస్ పొయ్యి బర్నర్ల చుట్టూ పరిచేటప్పుడు గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

వైఫై రౌటర్ వెనక వంపు తిప్పి నిలబెట్టిన ఫాయిల్ అట్ట, సంకేతాన్ని కావలసిన గది వైపు మళ్లిస్తుంది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు 2017లో ఫాయిల్ తొడిగిన ప్రతిఫలకాలతో ఇదే చేసి చూపారు. ఒక వైపు బలం పెరిగితే రెండో వైపు తగ్గుతుంది, కాబట్టి రౌటర్‌ను పూర్తిగా చుట్టేసి అద్భుతం కోసం ఎదురుచూడటం దండగ.

మడత, చిల్లు

ఫాయిల్‌కు సూదితో పొడిచిన రంధ్రం అంచులు కాగితంలా పీచు తేలవు. అట్టకు కిటికీ కోసి ఫాయిల్ అంటించి, మధ్యలో చిన్న చిల్లు పొడిచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి తెల్ల కాగితం మీద వెలుగు పడనిస్తే, మీటరు దూరానికి సుమారు 9 మిల్లీమీటర్ల సూర్యబింబం పడుతుంది. గ్రహణం పట్టుతూ విడుస్తూ ఉండటం అందులో పిల్లలకు చక్కగా కనిపిస్తుంది. చిల్లులోంచి సూర్యుణ్ని చూడటం మాత్రం కంటికి ప్రమాదం.

మిగతావి చిన్న సాయాలు. శంఖంలా చుడితే నూనె పోసుకునే గరాటు. ఉండగా నలిపితే ఇనుప పెనం గీకే పీచు, నాన్‌స్టిక్ మీద వాడకూడదు. నీళ్లలో తడిపి రుద్దితే సైకిల్ హ్యాండిల్ క్రోమ్ మీది తుప్పు పోతుంది, అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కనుక గీతలు పడవు. మడతలు పెట్టి కత్తెరతో నాలుగైదుసార్లు కోస్తే అంచు మీది గరుకు సర్దుకుంటుంది, సానపట్టినంత పదును రాదు. రంగులు వేసేటప్పుడు తలుపు గడియకు తొడుగుతారు, భోజనానికి లేచినప్పుడు బ్రష్ ఎండకుండా చుడతారు. అరటి హస్తం తొడిమలకు చుడితే పండ్లు నిలవ ఉంటాయన్న చిట్కా మాత్రం బలహీనం. పండించే ఇథిలీన్ వాయువు తొడిమ నుంచే కాదు, పండు ఒళ్లంతటి నుంచీ వెలువడుతుంది.

వాడాక

పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ లోహం చేయడానికి, బాక్సైట్ నుంచి తీయడానికి పట్టే శక్తిలో 5 శాతమే సరిపోతుంది. అయినా పాత సత్తు గిన్నెలు కొనే వ్యాపారి నూనె అంటిన ఫాయిల్ ముక్కలను పట్టించుకోడు. పలుచటి ముక్కలు కొలిమిలో లోహంగా మిగలకుండా చాలావరకు ఆక్సైడ్ అయిపోతాయి. కడిగి, ఆరబెట్టి, గట్టి ముద్దగా నొక్కి పోగుచేస్తే ఆ నష్టం తగ్గుతుంది. బిస్కెట్, చిప్స్ పొట్లాల లోపలి మెరుపును ఇందులో కలపకూడదు. అది చాలావరకు ప్లాస్టిక్ మీది పూత. పిడికిట్లో నలిపి వదిలితే ఫాయిల్ నలిగినట్టే ఉంటుంది, ప్లాస్టిక్ తిరిగి విచ్చుకుంటుంది.