ఊదారాయి కథ

పాఠశాలకు ఇరువది ఐదేండ్లు నిండితే వెండి, ఏబదికి బంగారం, డెబ్బది ఐదుకు ప్లాటినం. జూబిలీ సంచికలో లోహాలను గురించి వ్రాయుట సముచితమే. నేను మాత్రం ఒక రాతిని గురించి వ్రాయ సంకల్పించినాను. అందుకు కారణం ఒక తల్లి చేతిలోని ఉంగరం.

కొన్నేండ్ల క్రిందట ఒక సాయంకాలం తొమ్మిదవ తరగతి విద్యార్థిని తల్లి నా గదికి వచ్చినది. ఆమె గుడియాత్తంలో లుంగీల మగ్గంపై కూలికి నేసేది. బిడ్డ నోటు పుస్తకాల డబ్బుకు గడువు కోరి, కొంగుముడి విప్పి ఊదారంగు రాయి పొదిగిన వెండి ఉంగరం చూపినది. "టీచరమ్మా, ఇది పెట్టుకుంటే ఆయప్ప తాగుడు మానేస్తాడంట, శనిపీడ కూడా పోతుందంట. చదువుకున్నోళ్లు, మీరు చెప్పండి, ఇది నిజమేనా?" అని అడిగినది. దాని వెల ఆమెకు మూడు నెలల కూలి.

నిజమేనా అన్న మాటలో రెండు ప్రశ్నలున్నవి. రాయి నిజమైనదా? రాతిని గురించి చెప్పిన మాట నిజమా? నేను చరిత్ర చెప్పుకొనే దానిని గనుక రెండవ ప్రశ్న నాకు దగ్గర.

ఆంగ్లంలో అమెథిస్ట్ అనే ఈ రాతిని నగల వర్తకులు హిందీ మాటతో కటేలా అంటారు. తమిళంలో సెవ్వందికల్, అనగా చామంతి రాయి. నాకైతే బాగా పండిన నేరేడుపండు జ్ఞాపకం వచ్చును. మోర్ధానా కొండల దిక్కున, కౌండిన్య నది ఇసుకలో మన పిల్లలు ఏరి తెచ్చే తెల్ల పలుగురాయికి ఇది తోబుట్టువు. రెండూ సిలికాయే. స్ఫటికం పెరిగేటప్పుడు అందులో చేరిన రవంత ఇనుము, చుట్టునున్న శిలల సహజ వికిరణం యుగాల తరబడి సోకగా, ఊదారంగును ఇచ్చును. మోస్ కాఠిన్య మానంలో దీని స్థానం 7, సాంద్రత నీటికి 2.65 రెట్లు. నాలుగైదు వందల డిగ్రీల వేడి తగిలితే ఊదా పోయి పసుపో గోధుమయో అగును. అంగడిలో సిట్రిన్ అనే పసుపురాయిగా అమ్ముడుపోయే వాటిలో చాలా భాగం ఇట్లు కాల్చిన అమెథిస్టులే. ఎండలో చాలాకాలం ఉంచితే రంగు వెలియును కూడా.

ఇక త్రాగుడు సంగతి. గ్రీకు భాషలో 'అమెథుస్తోస్' అనగా మత్తు లేనిది అని అర్థం. ఈ రాయి ధరిస్తే, లేదా దీనితో చేసిన పాత్రలో త్రాగితే, మద్యం తలకెక్కదని అక్కడివారు నమ్మినారు. మద్యదేవత కోపానికి గురియైన కన్య ఒకతె రాయిగా మారినదనీ, అతడు పశ్చాత్తాపంతో ద్రాక్షరసం పోయగా రాతికి ఊదారంగు వచ్చినదనీ చెప్పే కథను పలువురు ప్రాచీన గ్రీకు గాథగా వ్రాస్తుంటారు. అది పొరపాటు. ఆ కథను అల్లినవాడు రెమీ బెల్లో అనే ఫ్రెంచి కవి, 1576లో.

ప్రాచీనులందరూ నమ్మినారనుకొనుట కూడా పొరపాటే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ప్రేలినపుడు మరణించిన రోమన్ పండితుడు ప్లినీ, తన ప్రకృతి చరిత్రలో మత్తు విరుగుడు మాటను మంత్రగాండ్ర అబద్ధమని కొట్టివేసినాడు. ఆ గ్రంథంలోనే అమెథిస్టులన్నింటిలో ప్రథమ స్థానం భారతదేశపు రాతిదని వ్రాసినాడు. మనకు గర్వకారణమైన ఆ మాటకు సాక్ష్యం మన రాష్ట్రపు మట్టిలోనే ఉన్నది. ఈరోడు జిల్లాలో నొయ్యల్ నది ఒడ్డున ఉన్న కొడుమణల్‌లో 1985 నుండి తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం వారు త్రవ్వకాలు జరిపినారు. అక్కడ పూర్తయిన పూసలు, సగంలో ఆగిన పూసలు, తుంపులు బయటపడినవి. స్ఫటికం, కెంపుఛాయ కార్నీలియన్, బెరిల్‌తో పాటు అమెథిస్టు కూడా అందులో ఉన్నది. సంగం సాహిత్యంలోని పదిట్రుప్పత్తు నగలకు పేరెన్నిక గన్న ఊరుగా కొడుమణాన్ని పేర్కొన్నది. పుదుచ్చేరి చెంత అరికమేడులో 1945లో వీలర్ త్రవ్వించినపుడు రోమన్ మృణ్మయ పాత్రలు దొరికినవి; అదియును పూసల పనికి ప్రసిద్ధమైన రేవే. సగంలో పగిలిన పూసను ప్రక్కన పడవేసి మరొకటి చేతికెత్తుకొన్న ఆ పనివాని ఓర్పు నన్ను ఏ రాజుగారి కిరీటం కన్నా ఎక్కువగా ఆకర్షించును.

మన నవరత్నాలలో ఈ రాయి లేదు. నీలం కొనలేనివారికి శని ప్రీతికై ఉపరత్నంగా దీనిని చెప్పుదురు. గ్రీకుల మత్తు విరుగుడు, మన శనిపీడ నివారణ, ఈ రెండు వేర్వేరు దారులు ఆ అమ్మినవాని నోట ఒకటైనవి! ఐరోపాలో క్రైస్తవ మతగురువుల ఉంగరాలకు చేరిన ఈ రాయి ఒకప్పుడు కెంపు, పచ్చలతో సమానమైన వెల పలికినది. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రెజిల్, ఉరుగ్వే దేశాలలో గుట్టలుగా దొరుకుటతో వెల పడిపోయినది. ఇప్పుడు ప్రయోగశాలలలోనూ తయారగుచున్నది.

లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో 'ఢిల్లీ ఊదా నీలం' అనే శాపగ్రస్త రత్నమున్నది. 1857 తిరుగుబాటులో కాన్పూరు ఇంద్రాలయం నుండి దోచుకొన్నదనీ, ఉంచుకొన్నవారినెల్ల నాశనం చేసినదనీ దాని యజమాని ఎడ్వర్డ్ హెరాన్ అలెన్ 1904లో లేఖ వ్రాసి జత చేసినాడు. ఆయన మరణానంతరం, 1944లో, అది మ్యూజియానికి చేరినది. తీరా చూస్తే అది ఢిల్లీదీ కాదు, నీలమూ కాదు, అమెథిస్టే. ఆయనే మారుపేరుతో ఆ రాతి మీద ఒక కథ కూడా ప్రకటించినాడు. శాపం ఆ కథకుని కల్పనేనని పలువురి అభిప్రాయం.

ఇక మొదటి ప్రశ్న. ఆ ఉంగరాన్ని మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని వద్దకు తీసికొనిపోయినాము. భూతద్దం క్రింద రాతి లోపల గుండ్రని గాలిబుడగలు కనిపించినవి. స్ఫటికంలో అట్టివి ఉండవు. అది రంగు గాజు. అంచును పలుగురాతితో గీయగా గీత పడినది. ఆ తల్లి చాలాసేపు మాటాడలేదు. అమ్మినవాడు ఊరు విడిచి అప్పటికే నెల అయినది. చెప్పకుండా ఉండవలసినదేమో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయనను వేలూరులో ఒక ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పినాను. చికిత్స సుదీర్ఘమైనది, మధ్యలో రెండు మార్లు మరల మొదలుపెట్టినాడు. బిడ్డ పదవ తరగతి దాటి వెళ్లినది. బదిలీ పత్రం తీసికొనుటకు వచ్చిన రోజున ఆ తల్లి ఉంగరాన్ని నా బల్లపై ఉంచి, "పిల్లకాయలకు చూపించండి టీచరమ్మా" అన్నది.

ఆ ఉంగరం ప్రయోగశాల బీరువాలో, కౌండిన్య ఒడ్డున దొరికిన పలుగురాయి ప్రక్కన ఉన్నది. ఏటా క్రొత్త తరగతికి రెండింటినీ చూపి, అసలైన స్ఫటికమేదని అడుగుతాము. అందరూ ఉంగరాన్నే చూపుతారు.