నేరం సున్నపురాయిది కాదు

జగ్గయ్యపేట పరిసరాలకు సున్నపురాయి ఊళ్ళకంటే పాతది. పేట పక్కన ధనంబోడు మీద బౌద్ధ స్తూపానికి చెక్కిన పలకలు ఆ రాతివే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి వెలికితీసిన ఆ స్తూపంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాలు దొరికాయి. బేతవోలును వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట జగ్గయ్యపేట చేయడం చాలా తర్వాతి మాట. ఇవాళ జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు బతుకుతున్నదీ ఆ రాతి మీదే. అందుకే కాబోలు, ఇటు నందిగామ దాకా ఎవరి కిడ్నీలో రాయి పడినా నేరం ముందు బోరు నీళ్ళ మీద పడుతుంది. నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టడం రోజూ చూస్తున్నదే కనుక, ఒంట్లోనూ అలాగే కడుతుందని నమ్మకం. ఆ వెంటనే పాలు, పెరుగు మానేయమన్న సలహా. ఈ రెండూ తప్పే.

గిన్నెలో పేరుకునేది ఎక్కువగా కాల్షియం కార్బొనేటు. కిడ్నీ రాళ్ళలో అధిక భాగం కాల్షియం ఆక్సలేటు. ఈ ఆక్సలేటు కొంత పాలకూర లాంటి ఆకుకూరల నుంచీ గింజపప్పుల నుంచీ వస్తుంది, కొంత ఒళ్ళే తయారుచేసుకుంటుంది. భోజనంతో పాటు కాల్షియం పేగులోకి చేరితే, అది ఆక్సలేటును అక్కడే పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. కాల్షియం తగ్గిస్తే ఆక్సలేటు రక్తంలోకెక్కి మూత్రంలో దిగుతుంది. 1993లో అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్ళ ఆహారపు లెక్కలు తీస్తే, తిండిలో కాల్షియం ఎక్కువున్నవాళ్ళకే రాళ్ళు తక్కువ పడ్డాయి. అది పరిశీలనే కదా, ప్రయోగం కాదు కదా అనొచ్చు. ఇటలీ వైద్యులు ప్రయోగమూ చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. రాళ్ళ బాధ ఉన్న 120 మందిలో సగం మందికి కాల్షియం తగ్గించారు, మిగతా సగానికి కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. అయిదేళ్ళకు రెండో జట్టులో రాళ్ళు మళ్ళీ పడ్డవాళ్ళు దాదాపు సగమే. పాల మీద అనుమానం అంతకుముందే వీగిపోవలసింది. పంజాబు, సింధు ప్రాంతాల పిల్లల్ని పీడించిన మూత్రాశయపు రాళ్ళ మీద రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఎలుకలతో పరిశోధించి 1931లో తేల్చిందీ అదే: తిండిగింజల మీదే బతికిన ఎలుకలకు రాళ్ళు పుట్టాయి, పాలు కలిపితే ఆగాయి. కూనూరులోని ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మన జాతీయ పోషకాహార సంస్థ అదే.

మరి అసలు కారణం? నీళ్ళలో ఏముందన్నదానికంటే ఒంట్లో నీళ్ళెన్ని ఉన్నాయన్నదే ముఖ్యం. నందిగామ వేసవిలో 45 డిగ్రీల దాకా మండే చోటు. మిరపకోతలు ఎండ ముదిరే నెలల్లోనే. కోతకు వచ్చే ఆడకూలీలు మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళతో సరిపెట్టుకుంటారు. నీళ్ళు లేక కాదు, ఆ చేలలో చాటు లేక. చెమటగా పోయింది పోగా మిగిలిన మూత్రం చిక్కబడుతుంది, రాయికి పునాది అక్కడే. ఇటలీలోనే, 1996లో వెలువడిన మరో ప్రయోగంలో, మొదటిసారి రాయి పడిన 199 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వచ్చేలా నీళ్ళు తాగమన్నారు. అయిదేళ్ళలో వాళ్ళలో 12 శాతం మందికే రాయి తిరగబెట్టింది. మామూలుగా ఉన్నవాళ్ళలో అది 27 శాతం. ఇప్పటి వైద్యులు రెండున్నర లీటర్ల మూత్రం అంటున్నారు. దానికి మన ఎండలో మూడు నాలుగు లీటర్ల నీళ్ళు, పొలం పనిలో ఇంకా ఎక్కువే కావాలి. మినరల్ వాటర్ టిన్ను కొనుక్కున్నా, తాగేది ఆ రెండు గ్లాసులే అయితే రాయి విషయంలో ఒరిగేదేమీ లేదు. ఫ్లోరైడు ఉన్న ఊళ్ళలో శుద్ధి నీళ్ళు కావాలి, అది వేరే సమస్య.

నీళ్ళ తర్వాత మజ్జిగ. పల్చగా, ఉప్పు వేసీ వేయనట్టుగా. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. నిమ్మరసంలోని సిట్రేటు కాల్షియాన్ని ఆక్సలేటుతో కలవనివ్వదు. అయితే మోయలేనంత ఆశ వద్దు. ఇటలీలో రోజుకు రెండుసార్లు 60 మిల్లీలీటర్ల చొప్పున నిమ్మరసం ఇచ్చి చూస్తే, చాలామంది మధ్యలో మానేశారు, తేడా గట్టిగా తేలలేదు. ఇక ఉలవలు. ఉలవచారు మన జిల్లా సొంతం, రాళ్ళకు ఉలవలు వాడమని సుశ్రుత సంహితలోనే ఉంది. ఉలవకట్టు రాయిని కరిగిస్తుందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. కాల్షియం రాయి ఏ పానీయానికీ కరగదు. యూరిక్ ఆసిడ్ రాళ్ళు మందులతో కరుగుతాయి, అది డాక్టరు చూసుకునే పని. కట్టుతో కడుపులోకి పోయే నీళ్ళ మేలు మాత్రం నిజం. తీపి కోలాలు రోజూ తాగేవాళ్ళకు రాళ్ళ ముప్పు 23 శాతం ఎక్కువని 2013లో తేలింది. బీరు తాగితే రాయి కొట్టుకుపోతుందనే వాదానికి ఆ లెక్కల్లోనే ఓ ఆసరా దొరుకుతుంది, బీరు తాగేవాళ్ళలో రాళ్ళు తక్కువే కనబడ్డాయి. కానీ నీళ్ళతో అయ్యే పనికి కాలేయాన్ని పణం పెట్టమనడం వైద్యం కాదు.

ఒక హెచ్చరిక. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో జనాన్ని కుంగదీస్తున్న కిడ్నీ జబ్బు, ఈ రాళ్ళ జబ్బు ఒకటి కావు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు నీళ్ళెన్ని తాగాలో డాక్టరే చెప్పాలి. మిగిలినవాళ్ళకు కొలత మూత్రం రంగే: లేత గడ్డి రంగుకు మించి ముదిరితే ఇంకో చెంబు తాగాలి. ఇక మిరప రైతులకు ఒక మనవి. కోతల నాడు చేలో నీళ్ళ డ్రమ్ము పెట్టించే చేత్తోనే నాలుగు గుంజలు పాతి, ఆడవాళ్ళకు ఓ పరదా మరుగు కట్టించండి.