పాత ల్యాప్‌టాప్‌లోకి ఎస్‌ఎస్‌డీ వచ్చిన దారి

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ బిగించడం వీలైందంటే, కొత్త డ్రైవ్ పాతదాని కొలతల్లోనే, పాతదాని కనెక్టర్‌తోనే రావడం వల్లే. ఆ కొలత 1988 నాటిది. ప్రెయిరీటెక్ కంపెనీ ఆ ఏడాది 20 మెగాబైట్ల రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ తెచ్చింది. క్రమంగా ల్యాప్‌టాప్‌లు ఆ సైజుకే స్థిరపడ్డాయి.

డిస్క్ సామర్థ్యం వేల రెట్లు పెరిగినా లోపలి పద్ధతి మారలేదు: తిరిగే పళ్లెం, దానిపై కదిలే హెడ్. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లేనికి ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం హెడ్ కిందికి వచ్చేసరికి సగటున అందులో సగం గడిచిపోతుంది. హెడ్ జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. విండోస్ తెరుచుకోవాలంటే వేలాది చిన్న ఫైళ్లు చదవాలి. ఈ జాప్యమంతా పోగై నిమిషాలయ్యేది, ప్రాసెసర్ పనిలేక ఎదురుచూసేది. పనికిరావని మూలన పడేసిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అసలు జబ్బు ఇదే.

తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీకి మూలం ఫ్లాష్ మెమరీ. తోషిబాలో ఫుజియో మసుఒకా 1980లలో దాన్ని రూపొందించారు. నేడు శాన్‌డిస్క్‌గా తెలిసిన కంపెనీ 1991లో 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవ్ అమ్మింది. ధర సుమారు 1,000 డాలర్లు. 2006లో శాంసంగ్ 32 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీతో ల్యాప్‌టాప్ తెచ్చినా అది కొందరికే అందింది. అసలు మలుపు 2008 సెప్టెంబరులో ఇంటెల్ విడుదల చేసిన ఎక్స్25-ఎం. 80 గిగాబైట్లకు దాదాపు 600 డాలర్లు. ఖరీదే, కానీ సాటా కనెక్టర్ ఉన్న ఏ ల్యాప్‌టాప్‌లోనైనా బిగించుకోవచ్చు. మరుసటి ఏడాది విండోస్ 7లో ట్రిమ్ సదుపాయం వచ్చింది. చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని డ్రైవ్‌కు చెప్పి, వాడేకొద్దీ వేగం పడిపోకుండా కాపాడేది ఇదే. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి హార్డ్ డిస్కుల ధరలు పెరగడంతో, ఎస్‌ఎస్‌డీలతో ధరల తేడా కొంత తగ్గింది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ బిగించడం మామూలు రిపేరు పనుల్లో ఒకటైంది. పాత డిస్కును క్లోన్ చేసి, స్క్రూలు విప్పి, కొత్తది అమర్చడమే. 9.5 మిల్లీమీటర్ల గూట్లో 7 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్‌డీ వదులుగా ఉంటే చుట్టూ సన్నని ప్లాస్టిక్ ఫ్రేమ్ అతికిస్తారు. తీసేసిన హార్డ్ డిస్కునూ పారేయనక్కర్లేదు. డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ అనే చట్రం పెట్టి అందులో బిగిస్తారు.

తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి రెండున్నర అంగుళాల గూడే లేదు, చిన్న ఎస్‌ఎస్‌డీ కార్డు బిగించే ఎం.2 స్లాట్ ఉంది. 2015 నాటి 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో అదీ లేదు. ఫ్లాష్ చిప్పులను మదర్‌బోర్డుకే అతికించేయడంతో డ్రైవ్ మార్చే వీలే పోయింది.